ఇరవై మూడో నంబరు

ప్రొఫెసర్ ఎస్సుమన్ ఉదయం తొమ్మిదింటికి యూనివర్సిటీ మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. మెట్లు మొత్తం పదకొండే. అంత తక్కువ మెట్లతో ప్రాణం పోవాలంటే ఎవరో సాయం పట్టి ఉండాలి.

పదిన్నరకల్లా గూఢచారి ఒడార్టే, తన పై అధికారి కర్నల్ అగ్బెన్యా ఎదురుగా కూర్చున్నాడు. ఆక్రాలో ఆ ఆఫీసుకి బోర్డు లేదు. బయట వీధిలో వాళ్ళు అది పళ్ళ డాక్టరు క్లినిక్ అనుకుంటారు. అప్పుడప్పుడు పన్ను నొప్పితో ఎవరో వచ్చి తలుపు కొట్టి తిట్టుకుంటూ పోతారు.

"లాప్‌టాప్ పోయింది," అంది కర్నల్. "బుకోమ్ పేట బాక్సర్ల మీద చేసిన పరిశోధన అంతా అందులోనే ఉంది. దాని గురించి నీకేమైనా తెలుసా?"

"లేదు మేడమ్."

తెలుసు. స్కానింగ్ గొట్టంలో నలభై నిమిషాలు కదలకుండా పడుకున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఉద్యోగంలో చేరేటప్పుడు నింపిన ఫారంలో పాత వృత్తి బాక్సింగ్ అని రాశాడు. దీని గురించి మాత్రం రాయలేదు. అబద్ధం చెప్పడం అతని ఉద్యోగం. అయితే ఈ అబద్ధం ఉద్యోగం కోసం చెప్పినది కాదు.

"నలభై ఒక్క మంది తలలు. ఎవరి తలలో ఎక్కడ పాత దెబ్బ ఉంది, మళ్ళీ అక్కడే తగిలితే ఏమవుతుంది, అన్నీ రాసి ఉన్నాయి. పేర్లుండవు, నంబర్లే; ఎవరి నంబరు ఏదో బాక్సర్లకిచ్చిన చీటీలు చూస్తే తెలిసిపోతుంది. ఒక విదేశీ బెట్టింగ్ ముఠాకి ఆ లిస్టు కావాలి."

"బాక్సర్ల తలలతో వాళ్ళకేం పని?"

"ఎదుటి బాక్సరుకి ఎక్కడ కొట్టాలో చెప్పడానికి. శనివారం కుమాసీలో మన బోర్టే టైటిల్ పోటీ ఉంది. వాడు ఎన్నో రౌండులో పడతాడో ముందే తెలిస్తే పందెం ఎంతైనా కట్టొచ్చు." ఆవిడ ఒక ఫోటో ముందుకి తోసింది. బట్టతల, నవ్వు ముఖం. "బ్రాంట్. బాక్సింగ్ హెల్మెట్ల కంపెనీ అని చెప్పి యూనివర్సిటీలోకి దూరాడు. నాలుగు పాస్‌పోర్టులున్నాయి. ఏదీ తనది కాదు."

"లోపల మన మనిషి?"

"లామిలే. ఆ ప్రాజెక్టులోనే లెక్కలు చూసేది. మనకీ పని చేస్తుంది, బ్రాంట్‌కీ పని చేస్తుంది. నిజంగా ఎవరి మనిషో దానికే తెలియాలి."

తర్వాత ఆవిడ ఒక తాళాల గుత్తి ఇచ్చింది. మూడు తాళాలు, ఒక ప్లాస్టిక్ చేప. "చేప తోక లాగితే సైరన్. నూట ముప్ఫై డెసిబెల్స్. గదిలో వాళ్ళు రెండు సెకన్లు బిత్తరపోతారు. ఆ రెండు సెకన్లు నీవి."

ఒడార్టే చెయ్యి చాచాడు. వేళ్ళు వణికాయి. కర్నల్ చూసింది.

"కాఫీ తగ్గించు," అంది.

అతను కాఫీ తాగడు.

"లిస్టు తెచ్చి నా చేతికే ఇవ్వాలి."

"బాక్సర్లకి చెప్పొద్దా మేడమ్?"

"పోటీ అయ్యాక చూద్దాం. పోటీ చూడ్డానికి మంత్రిగారి అతిథులు విమానం ఎక్కేశారు."

*

బుకోమ్‌లో సోమవారం నుంచి నిశ్శబ్దం. మొక్కజొన్న విత్తాక ఏటా నెల రోజులు డప్పు కొట్టకూడదు, పాట పెట్టకూడదు, మైకు ముట్టకూడదు. చర్చిలో కూడా చప్పట్లతో సరిపెట్టుకుంటారు. జిమ్‌లో రౌండు గంట మీద గుడ్డ కప్పి ఉంది. గంట బదులు కోచ్ తువ్వాలు ఊపుతున్నాడు. గ్లవ్స్ దెబ్బలు, ఊపిరి, మళ్ళీ గ్లవ్స్ దెబ్బలు. మిగతా ఊరంతా మౌనంగా ఉండేసరికి ఒక్కో దెబ్బ ఒడార్టే కపాలంలోనే పడుతున్నట్టుంది.

"ఒడార్టే అన్నా! రింగ్‌లోకి రా, ఒక్క రౌండు!" బోర్టే తాళ్ళ మీదికి వంగి గుసగుసగా పిలిచాడు. ఇరవై రెండేళ్ళు, నుదుటి మీద కొత్త ప్లాస్టర్. "భయపడకు, పడిపోయినా ఈ నెల మూలగకూడదు. పరువు దక్కుతుంది."

"శనివారం అయ్యాక చెప్తాలేరా నీ సంగతి."

"శనివారం అయ్యాక నన్ను కలవాలంటే టోకెన్ తీసుకోవాలి!"

గుమ్మం పక్కన బోర్టే నాయనమ్మ కోషీ అవ్వ కెంకీ ముద్దలు, పొట్టాకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్దలు, అమ్ముతోంది. ఒడార్టేకి ఒకటి పొట్టు ఒలిచి, వేయించిన చేప పెట్టి ఇచ్చింది.

"ఒరే, నువ్వు పెద్దాఫీసులో చేస్తావుగా. ఆ యూనివర్సిటీ వాళ్ళని అడగరాదూ?" కొంగుముడి విప్పి చీటీ తీసింది. దాని మీద ముప్ఫై ఒకటి అని అచ్చు వేసి ఉంది. "మావాడిని గొట్టంలో దూర్చి మూడేళ్ళయింది. సార్డీన్ డబ్బాలు రెండు, టీషర్టు ఒకటి ఇచ్చారు. డబ్బాలు తినేశాం, టీషర్టు చిరిగిపోయింది. తల సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు."

"కనుక్కుంటానవ్వా."

"నీకూ ఇచ్చారా చీటీ?"

"నాకెందుకిస్తారు? అప్పటికే మానేశాను."

అతని చీటీ గుర్తింపు కార్డు వెనక ఉంది. ఈమధ్య చాలా మరిచిపోతున్నాడు. పక్కింటివాళ్ళ పేర్లు, గ్యాస్ కట్టేయడం, ఒకసారి తన వీధి. ఆ అంకె మాత్రం మరిచిపోలేదు. తెలుసుకోవాలని అనిపించిన ప్రతిసారీ, తెలియకపోవడమే మేలన్న ఆలోచన దాని వెంటే వచ్చేది. రెండూ ఒకే మనిషివని ఒప్పుకోవడం కష్టంగా ఉండేది.

ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలతో ఒక మనిషి కారు దిగింది. ఆమె ఎత్తు మడమల చెప్పుల చప్పుడుకి వీధిలో సగం మంది తల తిప్పారు. మిగతా సగం మంది నోటి మీద వేలు పెట్టి చూపించారు. ఆమె ఆగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది. లామిలే. అయిదిళ్ళ అవతల పెరిగిన పిల్ల.

"మిరపకాయ పచ్చడి ఘాటుగా ఉందా?" అంది అతని పక్కన నిలబడి. అది కోడు.

జవాబు ఉంది. పొద్దున కర్నల్ రెండుసార్లు చెప్పింది. ఒడార్టే దాని కోసం వెతికాడు. తలలో తలుపు తీస్తే ఖాళీ గది. ఇంకో తలుపు. అదీ ఖాళీయే.

లామిలే అద్దాలు తీసింది. ఆ చూపులో మోసం ఉంటే బాగుండేది. జాలి కనిపించింది.

"'నిన్నటికన్నా నయం' అని చెప్పాలి, అన్నా."

"తెలుసు. నిన్ను పరీక్షించాను."

"మంచిది." ఆమె కెంకీ బేరమాడుతున్నట్టు వంగి మాట్లాడింది. "మూడింటికి మన పేట లైట్‌హౌస్ పక్క మేడ, పై గది. ఏసీ పాడయిందని చెప్పాను. మెకానిక్కులా రా."

"నువ్వు ఎవరి వైపు లామిలే?"

"తొమ్మిదో నంబరు మా తమ్ముడు. వాడు రింగ్‌లో పడిపోవడానికి పదకొండు నెలల ముందే వాడి సంగతి ఫైల్లో ఉంది. నేనే ఎక్కించాను, నంబరే తప్ప పేరు లేదు. మనవాళ్ళకి చెబుదాం సార్ అని ప్రొఫెసర్ని అడిగితే, పత్రికలో వ్యాసం రానీ, అప్పటిదాకా చెప్పకూడదన్నాడు. మంచివాడే. వ్యాసం ఇంకా రాలేదు." ఆమె అద్దాలు పెట్టుకుంది. "ఎవరి వైపో నువ్వే చెప్పు."

*

మూడింటికి ఒడార్టే నీలం చొక్కా, పనిముట్ల సంచీతో మేడ ఎక్కాడు. ఇద్దరు కాపలా మనుషులు. బ్రాంట్ కిటికీ దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తెర మీద, ఫైలు బయటికి వెళుతున్నట్టు చూపే ఆకుపచ్చ గీత పాకుతోంది. డెబ్బై రెండు శాతం.

"త్వరగా చెయ్యి. ఉడికిపోతున్నాం," అన్నాడు బ్రాంట్. అతనికి అక్కడి భాష బాగానే వచ్చు.

ఒడార్టే ఏసీ మూత తీశాడు. సంచీలో తుపాకీకి చెయ్యి తగిలింది.

"అతని సంచీలో తుపాకీ ఉంది," అంది లామిలే ప్రశాంతంగా.

క్షణంలో అతని మొహం గోడకి ఆనింది. లామిలేయే అతని జేబులు తడిమింది. తుపాకీ బల్ల మీద పెట్టింది. తాళాల గుత్తి తీసింది, చేపని చూసింది, తిరిగి అతని జేబులోనే వేసింది.

"తాళాలే," అంది.

బ్రాంట్ నవ్వాడు. "ఏసీ మెకానిక్‌కి చెయ్యి ఇంతలా వణుకుతుందా? నువ్వు ఒకప్పుడు బాక్సర్‌వి కదా. లిస్టులో నువ్వెన్నో నంబరు? చూసి చెప్పనా? ఊరికే చెప్తాను."

ఎనభై తొమ్మిది శాతం.

ఆ ఒక్క ఘడియ ఒడార్టేకి చూడాలనిపించింది. దేశం, బోర్టే, కర్నల్, ఎవరూ గుర్తు లేరు. తెర మీద ఒక వరుస, అందులో ఒక వాక్యం. ఆ వాక్యం కోసం మిగతా నలభై మందినీ ఇచ్చేసేవాడేనేమో. అది తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. తొంభై నాలుగు.

అతను చేప తోక లాగాడు.

కాపలావాళ్ళు రెండు సెకన్లే బిత్తరపోయారు. మూడో సెకనులో ఒడార్టే నేల మీద ఉన్నాడు, మెడ మీద బూటు కాలు. సైరన్ మాత్రం ఆగలేదు. తెరిచిన కిటికీలోంచి, నాలుగు రోజులుగా ఆకు కదిలినా వినిపిస్తున్న పేట మీదికి అది అరుస్తూనే ఉంది.

"ఇదేనా నీ ఆయుధం?" బ్రాంట్ చెవులు మూసుకుని అరిచాడు. "ఎవరొస్తారు దీనికి?"

మెట్లు దడదడలాడాయి. వచ్చినవాళ్ళు ముప్ఫై మంది. అందరూ జాలరులు, తలకి ఎర్ర గుడ్డలు, చేతిలో బెత్తాలు. నిశ్శబ్దం చెడగొట్టేవాళ్ళని పట్టుకునే పెద్ద పూజారి మనుషులు. కాపలావాళ్ళు రెండు తుపాకులనీ, ముప్ఫై మందినీ, ఇరుకు మెట్లనీ లెక్క వేసుకుని తుపాకులు కింద పెట్టారు.

"నిశ్శబ్దం రోజుల్లో ఏంట్రా ఈ గోల!" ముందున్న లావుపాటివాడు అడిగాడు. "ఏది మోగింది?"

"అన్నీ," అంది లామిలే.

వాళ్ళు అన్నీ పీకారు. చేప, ఏసీ, ఫ్యాను, టీవీ, గోడకున్న ఇంటర్నెట్ డబ్బా. తెర మీద గీత తొంభై ఏడు దగ్గర ఆగిపోయింది. చివరికి లాప్‌టాప్ మూత మూసి చంకలో పెట్టుకున్నారు. బ్రాంట్ అడ్డుపడబోతే బూట్లు విప్పించి కూర్చోబెట్టారు. పోలీసులు వచ్చి తీసుకుపోయేదాకా అతను అలాగే ఉన్నాడు.

*

"ప్రభుత్వ రహస్యం కోసం గొర్రెనివ్వాలా?" ఫోన్‌లో కర్నల్ అడిగింది.

"గొర్రె, రెండు బాటిళ్ళ స్నాప్స్ సారా మేడమ్. అందరికీ అదే జరిమానా."

"ఇచ్చి తీసుకురా. లోపల ఏముందంటే వర్షాల లెక్కలని చెప్పు."

మర్నాడు పొద్దున పూజారి వాకిట్లో స్పీకర్లు, యాంప్లిఫయర్లు గుట్టగా పడి ఉన్నాయి. తెల్లబట్టల పూజారి చెప్పులు లేకుండా పీట మీద కూర్చున్నాడు. చుట్టూ బుకోమ్ అంతా ఉంది. లామిలే ఇల్లిల్లూ తిరిగి పిలిచిందని ఒడార్టేకి చూడగానే అర్థమైంది. ప్రతి చేతిలోనూ ఒక చీటీ.

"వస్తువు పట్టుకెళ్ళేవాడు అది ఏమిటో, ఏం కూసిందో అందరి ముందూ చెప్పాలి," అన్నాడు పూజారి. "చెప్పు నాయనా."

వర్షాల లెక్కలు. నాలుక చివరే ఉంది. చిత్రంగా ఈ ఒక్క మాట మరుపు రాలేదు. గుంపులో బోర్టే నవ్వుతూ, చేతులకి పట్టీలతో, నాయనమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. రేపే శనివారం.

ఒడార్టే లాప్‌టాప్ తెరిచాడు. లామిలే వచ్చి పాస్‌వర్డ్ కొట్టింది.

అతను చదివాడు. పేర్లు లేవు, నంబర్లే. ఒకటి, బాగుంది. రెండు, బాగుంది. మూడు, ఇక దెబ్బ తగలకూడదు. ఎవరూ పక్కవాడి మొహం చూడలేదు. ఎవరు తుళ్ళిపడ్డారో తెలియకుండా ఉండాలని అందరూ తమ పాదాల వైపే చూసుకున్నారు. తొమ్మిది దగ్గర అతను లామిలే వైపు చూశాడు. లామిలే "చదువు" అంది.

"ముప్ఫై ఒకటి. ఎడమ కణత. ఇంకొక్క గట్టి దెబ్బ చాలు."

బోర్టే నవ్వు ఒక్కసారిగా పోలేదు. కాసేపు ఎక్కడికెళ్ళాలో తెలియక మొహం మీదే ఉండిపోయింది. తర్వాత అతను ఎవరితోనూ మాట్లాడకుండా చేతి పట్టీలు విప్పడం మొదలెట్టాడు. చాలా పొడుగు పట్టీలు. కోషీ అవ్వ కొస పట్టుకుని చుట్ట చుట్టింది.

కర్నల్ నుంచి కాల్, జేబులో ఫోన్ మూగగా వణుకుతోంది. రిపోర్టులో ఏం రాయాలో అతనికి అప్పుడే తోచింది: లిస్టు విదేశీయుల చేతిలో పడలేదు.

నలభై ఒకటి చదివి మూత వేశాడు.

"ఆగరా," అంది కోషీ అవ్వ. నలభై ఏళ్ళుగా కెంకీ ముద్దలు లెక్కపెడుతున్న మనిషి. "నలభయ్యే చదివావు. ఇరవై మూడేది?"

జనమంతా మొదటిసారి తలలెత్తారు. ఒడార్టే వణుకుతున్న చేతిని జేబులో పెట్టుకున్నాడు.

"అది ప్రభుత్వ రహస్యం అవ్వా."