పన్నీరు రోజాల నీళ్లు

లెక్కల పరీక్ష పేపర్లు పంచకముందే భవితకు చేతులు వణకడం మొదలైంది. పెన్ను కింద పడింది. తీసుకుంది. మళ్లీ పడింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నందిత మేడం పేపర్ల కట్ట బల్ల మీద పెట్టేసి వచ్చి, భవిత పక్కన ఇరుక్కుని కూర్చుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న గాజు సీసా తీసింది. వాటర్ బాటిల్ మూతలో కాసిని నీళ్లు పోసి, అందులో నాలుగు చుక్కలు వేసి ఇచ్చింది.

"అదేం మందు మేడం?" పక్క వరసలోంచి కోమలి అడిగింది.

"పూల మందు. పూలు నీళ్లలో వేసి ఎండలో పెట్టి చేస్తారంట. మా అక్క చెన్నై నుంచి తెచ్చింది. టెన్షన్‌గా ఉన్నప్పుడు నేనూ వేసుకుంటాను."

భవిత తాగింది. మేడం మాత్రం లేవలేదు. ఒక చేత్తో భవిత చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో వీపు నిమురుతూ అలాగే కూర్చుంది. క్లాసంతా పేపర్ల కోసం ఎదురుచూసింది. కాసేపటికి భవిత పెన్ను తీసుకుంది. ఈసారి పడలేదు.

కోమలి ఇదంతా చూసింది. చూసిందంటే, సీసాను చూసింది. మేడం చేతులు ఎక్కడున్నాయో చూడలేదు.

ఎందుకంటే కోమలికి అలాంటి మందు ఆ రోజే కావాలి. తన కోసం కాదు, తమ్ముడి కోసం. తమ్ముడి పేరు ధర్మేంద్ర. ఒకటో తరగతి. వాళ్ల నాయన మునికుమార్ ఆటో నడిపేవాడు. పోయిన నెల ధర్మేంద్రను బడి నుంచి తీసుకొస్తుంటే, వెనక నుంచి లారీ గుద్దింది. ధర్మేంద్రకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. నాయన కాలు మాత్రం ఆటో కింద నలిగిపోయింది. అప్పటి నుంచి నాయన తిరుపతిలో ఆసుపత్రిలోనే ఉన్నాడు.

అప్పటి నుంచి ధర్మేంద్ర ఆటో ఎక్కడు. బస్సూ ఎక్కడు. వీధిలో హారన్ మోగితే చాలు, చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు. నాయనను చూడటానికి ఒక్కసారి కూడా పోలేదు.

ముందు రోజు అమ్మ వరదమ్మ, అవ్వ సిద్ధమ్మతో చెబుతుంటే కోమలి తలుపు చాటు నుంచి వింది.

"ఎల్లుండి పొద్దున్నే ఆపరేషను. మోకాలి కిందికి తీసేస్తారంట అత్తా. 'రెండు కాళ్లతో ఉండంగానే పిల్లోళ్లను ఒకసారి తోడుకోనిరా' అంటాండాడు."

"చిన్నోడు ఆటో పేరెత్తితేనే ఏడుస్తాడే. ఎట్ల తోడకపోతావు?" అంది అవ్వ.

"రేపు సాయంత్రం కుప్పయ్యన్నను ఆటో తీసుకోని రమ్మని చెప్పినా. ఏమో, యా దేవుడన్నా దారి సూపించాల."

ఆ రేపే ఇవాళ.

పరీక్ష కాబట్టి మధ్యాహ్నానికే బడి వదిలేశారు. కోమలి పరుగు లాంటి నడకతో ఇంటికొచ్చింది. వాళ్లది తిరుచానూరు. అమ్మ అమ్మవారి గుడి దగ్గర పూలు అమ్ముతుంది. అవ్వ ఇంటి పంచలో కూర్చుని మాలలు కడుతుంది. పూలకు ఆ ఇంట్లో కరువు లేదు. మరి మందుకెందుకు కరువు?

అయితే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పూలు ముట్టిన చెయ్యి నోట్లో పెట్టకూడదు. మాల కట్టి లేచాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటేనే అన్నం. "ఏమిటికవ్వా?" అని చిన్నప్పుడు కోమలి అడిగితే, "అమ్మవారికి పొయ్యే పూలు కదమ్మే, ఎంగిలి కాకూడదు" అనేది అవ్వ.

అవ్వ చెప్పింది నిజమే. కాకపోతే సగం నిజం. పిల్లలకు సగం చెబితే చాల్లే అని పెద్దవాళ్లు అనుకుంటారు. మిగతా సగం చెప్పాల్సిన రోజు ఎప్పుడు వస్తుందో మరిచిపోతారు.

పంచలో ఓ మూల పన్నీరు రోజాల మూట ఒకటి ఉంది. పొద్దున దాన్ని విప్పగానే అమ్మ మొహం చిట్లించి, "ఇది అమ్మవారికి పనికిరాదు, పక్కన పెట్టు. తిరిగి ఇచ్చేస్తా" అంది. కోమలికి అది గుర్తొచ్చింది. అమ్మవారికి పోని పూలు. ఎంగిలైనా తప్పు లేదు. లెక్క చక్కగా కుదిరింది. పొద్దున పరీక్షలో కూడా అంత చక్కగా కుదరలేదు.

అవ్వ మాల కడుతూ కునుకు తీస్తోంది. కోమలి రెండు దోసిళ్ల రోజాలు తీసుకుంది. రేకులు దూసి, గాజు గిన్నెలో నీళ్లు పోసి నానేసింది. గిన్నెను మిద్దె మీద ఎండలో పెట్టింది. నీళ్లు నెమ్మదిగా గులాబీ రంగు తిరిగాయి. చూడటానికి ఎంతో బాగున్నాయి. వాసన మాత్రం ఘాటుగా ఉంది. రెండు చెంచాల చక్కెర వేసి కలిపింది.

మేడం నాలుగు చుక్కలే వేసింది. కానీ భవితది పరీక్ష భయం. తమ్ముడిది పెద్ద భయం. అందుకని కోమలి లోటా నిండా పోసింది.

ధర్మేంద్ర మంచం కిందే ఉన్నాడు.

"ధర్మా, బయటికి రా."

"రాను. ఆటో వస్తాదంట."

"ఇప్పుడు రాదులే. ఇది తాగు. పూల మందు. తాగితే భయం పోతాది."

"నిజంగానా?"

"మా మేడమే చెప్పింది."

ధర్మేంద్ర తల బయట పెట్టాడు. "భయం పోతే నాయన కాడికి పోవచ్చా?"

"పోవచ్చు."

"అయితే అంతా తాగేస్తా," అన్నాడు వాడు.

ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. "చేదుగా ఉండాదక్కా."

"మందంటే చేదే ఉంటాది. తాగు."

వాడు ముక్కు మూసుకుని లోటా ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుని, అక్క వైపు చూసి నవ్వాడు. నెల రోజుల తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.

కాసేపటికి వాంతులు మొదలయ్యాయి. "ఆటో అంటే బెదురు, అందుకే" అంది అవ్వ, దిష్టి తీసింది. వాంతులు ఆగలేదు. ఒళ్లంతా చెమట పట్టింది. నోట్లోంచి చొంగ కారుతూనే ఉంది. తల నిలబెట్టలేక అవ్వ ఒళ్లో వాలిపోయాడు.

అంతలో కుప్పయ్య ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. ఆయన లోపలికి చూసి, ఒక్క మాట కూడా అడగకుండా ధర్మేంద్రను ఎత్తుకుని సీట్లో పడుకోబెట్టాడు. దారి పొడుగునా హారన్ కొడుతూనే ఉన్నాడు. ధర్మేంద్ర చెవులు మూసుకోలేదు. ఏడవలేదు. దానికే కోమలికి అన్నింటికన్నా ఎక్కువ భయమేసింది.

గుడి దగ్గర అమ్మ ఎక్కింది. నాయన ఉన్న ఆసుపత్రికే పోయారు. అక్కడ డాక్టరమ్మ ధర్మేంద్ర కళ్లలోకి లైటు వేసి చూసింది.

"ఏం తిన్నాడు?"

"సంగటి, పప్పు. అందరం తిన్నదే" అంది అమ్మ.

"బయటి తిండి? ఇంట్లో మందులు, మాత్రలు ఏమైనా మింగాడా?"

"లేదమ్మా."

కోమలి గోడకు అతుక్కుని నిలబడింది. చెబితే అమ్మ ఏమంటుంది? పై అంతస్తులో నాయన ఉన్నాడు, ఆయనకు తెలిస్తే? చెప్పకపోతే? డాక్టరమ్మ మళ్లీ అడిగింది. కోమలి మళ్లీ ఊరుకుంది. మంచం మీద ధర్మేంద్ర ఊపిరి గురగురమంటోంది.

"నేను తాపినాను," అంది కోమలి. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పింది. "నేనే తాపినాను. రోజాలు నానబెట్టిన నీళ్లు."

అమ్మ ఆమె వైపు తిరిగింది. "యా రోజాలు?"

"నువ్వు పక్కన పెట్టినావే. అమ్మవారికి పనికిరావని."

అమ్మ ఉన్నచోటనే నేల మీద కూలబడింది. "దాని నిండా పురుగుల మందు కొట్టినారు. విప్పినప్పుడే వాసనొచ్చింది. అందుకే పక్కన పెట్టినా."

డాక్టరమ్మ అప్పటికే నర్సును కేకేసి ఇంజెక్షన్ పేరు చెబుతోంది. ధర్మేంద్రను మంచంతో సహా తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకుంది.

అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని కోమలికి అనిపించింది.

మర్నాడు పొద్దున నాయనను ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే, వరండాలో స్ట్రెచర్ ఒక నిమిషం ఆగింది. నాయన కోమలి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"చిన్నోడు యాడమ్మా? ఆటో ఎక్కలేదా?"

వెనక నుంచి అమ్మ వద్దన్నట్టు తలూపింది.

"ఎక్కినాడు నాయనా," అంది కోమలి.

"ఎక్కినాడా? గట్టోడే" అన్నాడు నాయన. ఆయన మొహం విచ్చుకుంది. స్ట్రెచర్ కదిలిపోయింది. సగం నిజం చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు కోమలికి తెలిసింది. రెండు కాళ్లతో ఉన్న నాయనను ధర్మేంద్ర ఇక ఎప్పటికీ చూడలేడు.

కోమలి వాళ్లు ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి సాయంత్రం నందిత మేడం వచ్చింది. ధర్మేంద్ర ఉన్న గది బయట, కోమలి బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంది. జరిగిందంతా కోమలి చెప్పింది. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా సీసా వల్లనే కదా" అంది మెల్లగా. ఆ సీసా బయటికి తీయలేదు. పక్కన కూర్చుని కోమలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఇంకో చేత్తో వీపు నిమిరింది. చాలాసేపు అలాగే కూర్చుంది. తన చేతులు అప్పటిదాకా వణుకుతున్నాయని అవి ఆగాకే కోమలికి తెలిసింది. అప్పుడు అర్థమైంది, ముందు రోజు పరీక్షలో మేడం చేతులు ఎక్కడున్నాయో.

ధర్మేంద్ర బతికాడు. కళ్లు తెరిచి అందరినీ గుర్తు పట్టడానికి కొన్ని రోజులు పట్టింది. మాట రాగానే అన్న మొదటి మాట, "భయం పోలేదక్కా."

"దానికి నా కాడ మందు లేదురా," అంది కోమలి. వాడి మంచం అంచున కూర్చుని చెయ్యి పట్టుకుంది. బయట అంబులెన్స్ కూత వినిపించినప్పుడల్లా వాడు ఆ చెయ్యి గట్టిగా నొక్కేవాడు. కోమలికి వేళ్లు నొప్పి పుట్టేవి. వదిలించుకోలేదు.

నాయనను ఇంటికి పంపేరోజు వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర కుప్పయ్య ఆటో బడబడమంటూ నిలబడి ఉంది. ధర్మేంద్ర కోమలి వెనక దాక్కున్నాడు. నాయన రెండు చంకకర్రల మీద నెమ్మదిగా వచ్చాడు. ప్యాంటు ఒక కాలు మోకాలి దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఆటో దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఎక్కప్పా, నేను పట్టుకుంటా" అన్నాడు కుప్పయ్య.

నాయన కదల్లేదు. నుదుటి మీద చెమట.

"భయమేమప్పా? నీకు తెలీని ఆటోనా?"

"భయమేమీ ల్యా. ఎండకు కండ్లు తిరగతాండాయి" అన్నాడు నాయన. ఎండ లేదు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

"ఏం కాదు, ఎక్కు. అందరం ఉండాము కదా," అంది అమ్మ.

కోమలి నాయన మొహం చూసింది. అది మంచం కిందినుంచి చూసే ధర్మేంద్ర మొహంలాగే ఉంది.

"మామా, ఇంజన్ ఆపు," అంది. కుప్పయ్య ఆపాడు. కోమలి గేటు పక్కన ఉన్న సిమెంటు దిమ్మె మీద కూర్చుని చెయ్యి చాపింది.

"నాయనా, నాకు భయంగా ఉండాది. కొంచేపు నా చెయ్యి పట్టుకో."

నాయన కూతురి వైపు చూశాడు. కర్రలు అమ్మకిచ్చి, మెల్లగా దిమ్మె మీదికి వాలి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

ధర్మేంద్ర వచ్చి రెండో పక్క కూర్చున్నాడు. మడిచిన ప్యాంటు వైపు ఒకసారి చూసి, నాయన ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. "నాకు గూడా భయంగా ఉండాది," అన్నాడు.

రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి.

"నాకు గూడా," అన్నాడు నాయన.