ఎర్రబడిన కిటికీ

పుత్తూరు లాడ్జిలో కిటికీ పక్కన కూర్చుని, విరిగిన చేతికి కొత్తగా వేయించుకున్న కట్టుతో ఇడ్లీ తింటున్నాడు రాడార్ ఇంజనీర్ మునిప్రసాద్. ఎదురు మేడ మీద నుంచి ఒకే ఒక్క బుల్లెట్. తెల్లటి కొబ్బరి చట్నీ ఎర్రబడింది.

వారం తిరక్కుండానే ఏజెంట్ మోహన్‌కృష్ణ దళారి వేషంలో బంగారుపాళ్యం మామిడి మండీలో అడుగుపెట్టాడు.

"తోతాపురి పండిందా?"

"బేనీషా రాలిపోయింది," అన్నాడు గోనెపట్టా మీది ముసలాయన. ఆయనే చీఫ్ ఓబయ్య.

కోడ్ సరిపోయింది. బ్రీఫింగ్ మొదలైంది.

"ఇటుకలు పేర్చి బిల్డింగులు కట్టే వీడియో గేమ్ ఉండాది సూడు, దాంట్లో ఆ లాడ్జిని అచ్చంగా కట్టినారు. మునిప్రసాద్ గది కిటికీకి ఎరుపు పూసినారు. ఫారిన్ గ్యాంగు కిల్లర్‌కి అదే సిగ్నల్. ఇప్పుడు తిరుపతిలో సైంటిస్ట్ లీలావతి దిగే హోటల్‌ను కట్టినారప్పా."

"కట్టిందెవరు సార్?"

"కోమలి. ఆ గ్యాంగులో మనం పెట్టిన డబుల్ ఏజెంటు. ఎవురిపక్క ఉండాదో నాకే తెలీదు. లీలావతి కిటికీ ఎర్రబడితే ఆలోచించొద్దు. కోమలిని కాల్చెయ్."

నగరి మరమగ్గాల ఇంట్లో పుట్టి చెన్నై ర్యాంపుల మీద నడిచిన అందగత్తె కోమలి. తిరుపతి హోటల్ గదిలో ఆమె నవ్వి పలకరించగానే మోహన్‌కృష్ణ అనుమానం రెట్టింపయింది.

ల్యాప్‌టాప్ తెర మీద అదే హోటల్, ఇటుక ఇటుకగా.

"ఫ్రేముకొక రంగు, అద్దానికొక రంగు. ఇష్టమొచ్చినట్టు కస్టమైజ్ చేసుకోవచ్చు సార్. కట్టింది నేనే. ఎరుపు పూసేది మాత్రం ఇంకెవురో. నాకూ తెలీదు."

"నమ్మమంటావా? చేతులు పైకెత్తు!" పిస్టల్ తీశాడు.

ఆమె ఎత్తింది. సరిగ్గా అప్పుడే తెర మీద మూడో అంతస్తులో ఒక కిటికీ అద్దం ఎర్రబడింది. లీలావతి గది!

ట్రిగ్గర్ మీద వేలు ఆగిపోయింది. కోమలి చేతులు గాల్లోనే ఉన్నాయి. పైగా లీలావతి గదిని పొద్దున మార్చింది మోహన్‌కృష్ణే. ఆ సంగతి చెప్పింది ఒక్కరికే.

ఇయర్‌పీస్ గరగరలాడింది. "ఎరుపొచ్చింది కదా? ఇంకా కాల్చలేదా అబ్బా?"

తనకు తుపాకీ పట్టడం నేర్పిన ఓబయ్య గొంతు అది. మోహన్‌కృష్ణ పిస్టల్ దించాడు.

"ఆ రంగు తీసేయగలవా?" గుసగుసగా అడిగాడు.

"తీస్తే కిల్లర్‌కి అనుమానమొస్తాది. ఇంకో కిటికీకి మార్చేదా? యా గదికి?"

"కింది అంతస్తు. చివరిది."

అదే హోటల్లో ఉండి ఆపరేషన్ నడుపుతున్న ఓబయ్య గది అది. కోమలి వేళ్లు కదిలాయి. మోహన్‌కృష్ణ పరుగెత్తాడు.

మూడో అంతస్తులో, లీలావతి తలుపు ముందు, యూనిఫాంలో ఉన్న రూమ్‌బాయ్ ఒకడు తట్టబోయిన చెయ్యి ఆపి ఫోన్‌లో గేమ్ చూసుకున్నాడు. గిరుక్కున తిరిగి మెట్లు దిగాడు. చివరి గది తలుపు కొట్టాడు. తెరుచుకోగానే టవల్ కింద నుంచి సైలెన్సర్ పైకి లేచింది.

"రేయ్, నేన్రా! మీకు కిటికీలకు రంగులేసేది నేనేరా!" అరిచాడు ఓబయ్య.

మోహన్‌కృష్ణ వెనక నుంచి కిల్లర్ మణికట్టు విరిచి పట్టాడు. బుల్లెట్ సీలింగులో దిగింది. ఓబయ్య కాలర్ మైకు ఆన్‌లోనే ఉంది. ఆ కేక టీమ్ మొత్తం విన్నది.

సాయంత్రం లీలావతి కారు క్షేమంగా శ్రీ సిటీ దారి పట్టింది. కోమలి రెండు కాఫీలు తెచ్చింది.

"ఇప్పుడన్నా నమ్మినారా సార్?"

"నమ్మినాను," అంటూ తన కప్పు ఆమె వైపు జరిపాడు మోహన్‌కృష్ణ. "ముందు నువ్వొక గుక్క తాగు."