జలపాతం ముందు గ్రూప్ ఫొటో

"జెజు ద్వీపానికి ఒక టూర్ ప్లాన్ చెయ్యాలోయ్," అన్నాడు చీఫ్ పియో.

బయట సియోల్ నగరం మీద మంచు పడుతోంది. ఏజెంట్ తాక్ మున్సు కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"అక్కడ ఎవరిని లేపెయ్యాలి సార్?"

"ఎవర్నీ కాదు. ఒక ముసలాయన్ని తిప్పి, నాలుగు చోట్లు చూపించి, ప్రాణాలతో వెనక్కి తీసుకురావాలి. అదే మిషన్."

ముసలాయన పేరు గుక్ యోంగ్‌జిన్. వయసు డెబ్బై ఒకటి. నౌకాదళం వాడే రహస్య సంకేతాల యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు. ఆ యంత్రాన్ని తెరిచే నంబరు ఏ కాగితం మీదా లేదు, ఆయన బుర్రలో ఉంది. ఇప్పుడు డిపార్ట్‌మెంటుకి ఆ నంబరు కావలసి వచ్చింది. ఆయనేమో జెజు చూపిస్తే గానీ నోరు విప్పనని భీష్మించుకు కూర్చున్నాడు. ఈ సంగతి సముద్రం అవతల 'నల్లగాలి' అనే ముఠా చెవిన పడింది. వాళ్ల చేతికి చిక్కితే ఆయన చేత నంబరు ఎలా చెప్పిస్తారో, చెప్పించాక ఏం చేస్తారో తాక్‌కి ఎవరూ వివరించనక్కర్లేదు.

"సరే సార్," అని లేచాడు.

అతను దేనికైనా అంతే. రెండేళ్ల క్రితం పుసాన్ రేవులో అతని జోడీ ఏజెంట్ అతని ఒళ్లోనే ప్రాణం వదిలాడు. ఆ రోజు నుంచి తాక్‌కి భయం లేదు, కోపం లేదు, నాలిక్కి కారం కూడా సరిగా తెలియడం లేదు. డాక్టరు సెలవు పెట్టమన్నాడు. డిపార్ట్‌మెంటు మాత్రం ఇంత నిబ్బరం ఉన్నవాడు ఇంకెక్కడ దొరుకుతాడని ముచ్చటపడి, కష్టమైన పనులన్నీ తెచ్చి అతని నెత్తిన పెట్టింది.

మర్నాడు ఒక టీ కొట్లో గుక్ ఎదుట మ్యాపు పరిచాడు.

"లావా గుహ వద్దు మాస్టారూ. లోపలికీ బయటికీ ఒకటే దారి."

"పోనీ, సూర్యోదయం చూసే కొండ?"

"మెట్లెక్కువ. గుంపు చెదిరిపోతుంది."

"ఆవపూల తోటలు?"

"పువ్వుల్లో మనిషి కూర్చుంటే కనపడడు."

గుక్ టీ కప్పు టక్కున కింద పెట్టాడు. "ఇలా కొట్టేసుకుంటూ పోతే చివరికి విమానాశ్రయం చూసి తిరిగి రావాలి నాయనా! సరే, ఏది కొట్టేసినా కొట్టెయ్యి. జలపాతం జోలికి మాత్రం రాకు. నేరుగా సముద్రంలోకి దూకుతుందే, అది. దాని ముందు ఫొటో దిగాలని మా ఆవిడ ముప్పై ఏళ్లు అడిగింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ నేను యంత్రాలు బిగించుకుంటూ కూర్చున్నాను. ఆవిడ పోయింది."

జలపాతమే అన్నిటికంటే ప్రమాదం. ఒడ్డు దాకా బోటు వచ్చేస్తుంది. కానీ అది లేకపోతే నంబరూ లేదు. తాక్ జలపాతం పక్కనున్న కొండకొమ్ము చాటున చేపల పడవల్లా కనిపించే పోలీసు పడవలు పెట్టించాడు. ఇక ముసలాయన్ని దాచడానికి ముసలివాళ్ల గుంపే మేలనుకున్నాడు. ఆ రోజుల్లో మామూలు జనానికి విదేశాలకు అనుమతి లేదు. పిల్లలు డబ్బు పోగేసి తల్లిదండ్రుల్ని గుంపులుగా జెజు పంపడమే పెద్ద గొప్ప. అలాంటి ఒక టూర్లో గుక్‌ని కలిపేసి, తాను టూర్ మేనేజరు టోపీ పెట్టుకున్నాడు. మెడలో కెమెరా వేలాడుతోంది. మీట నొక్కితే అందులోంచి ఫొటోతో పాటు మత్తు సూది కూడా వస్తుంది. నాలుగడుగుల దూరం దాటితే మాత్రం అది ఫొటోలకే పనికొస్తుంది.

జెజులో దిగగానే పచ్చటి ఎండ, నారింజల వాసన. పసుపు జెండా పట్టుకుని గైడు మిస్ యోమ్ హ్వారన్ ఎదురొచ్చింది. ఎర్రటి పెదవులు, తెల్లటి చేతి తొడుగులు. ఆమెను చూసి ముసలాళ్లు కర్రలు వదిలేసి నిటారుగా నిలబడ్డారు.

"ఈ ఏడు నారింజలు పుల్లగా ఉన్నాయండీ," అంది తాక్‌తో.

"తొక్క తీశాక చూద్దాం."

అది కోడ్. హ్వారన్ ఇటు డిపార్ట్‌మెంటుకీ, అటు నల్లగాలికీ పనిచేస్తుంది. ఆ సంగతి రెండు వైపులవాళ్లకీ తెలుసు. ద్వీపంలో ఆమెకు తెలియని సందు లేదు కాబట్టి ఇద్దరూ ఆమెను వదులుకోలేరు.

సామాన్లు సర్దే నెపంతో దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మీ గుంపులో ఒకడు వాళ్ల మనిషి. ముసలి వేషం. ఎవడో నాకూ చెప్పలేదు. జలపాతం దగ్గర మీ పెద్దాయన్ని సూదితో పొడుస్తాడు. నేను జెండా ఎత్తుతాను. బోటులోంచి డాక్టర్లు దిగి, పడిపోయిన ముసలాయన్ని ఎత్తుకుపోతారు."

"ఎత్తుతావా?"

"అప్పుడు చూద్దాం. కోపమొచ్చిందా?"

"లేదు."

"అదే నీ జబ్బు. చల్లారిపోయిన అన్నంలా తయారయ్యావు," అని బస్సెక్కి మైకు అందుకుంది.

బస్సు కదిలిందో లేదో వయసుల పంచాయితీ మొదలైంది. ఎవరు ఎవరికి పెద్దో తేలందే ఆ గుంపులో ఎవరికీ మాట సాగదు. ఓక్ అనే బక్కపలచటి తాత డెబ్బై తొమ్మిదని చెప్పేసరికి అందరూ ఆయనకి తలవంచి, ముందు సీటు ఖాళీ చేశారు. గుక్ కూడా "అన్నగారూ" అని వరస కలిపేశాడు.

మధ్యాహ్నం నల్లపంది మాంసం పొయ్యి మీద చిటపటలాడుతోంది. తాక్ ఒక్కొక్కరి మొహమూ చూస్తున్నాడు. ముడతలన్నీ అసలువిలాగే ఉన్నాయి. గుక్ సోజు సారా సీసా అందుకుని, "అన్నగారూ, నా చేత్తో ఒక్క గుక్క," అంటూ ఓక్ తాతకి పోశాడు.

ఓక్ తాత కప్పుని రెండు చేతులా అందుకున్నాడు. మొహం పక్కకి తిప్పి, అరచేయి అడ్డం పెట్టుకుని తాగాడు.

ఒక మామ్మ పకపకా నవ్వింది. "అదేం సిగ్గు పెద్దాయనా! మీకంటే పెద్దది ఇక్కడేముంది, ఆ గోడ తప్ప?"

"పొగ... పొగ కళ్లల్లో పడిందమ్మా," అని దగ్గాడు ఓక్ తాత.

పొగ ఆయనవైపు రావడం లేదు. పెద్దల ముందు తాగేటప్పుడు మొహం తిప్పుకోమని ఏ తండ్రయినా కొడుక్కి మొదటి కప్పుతోనే నేర్పుతాడు. డెబ్బై తొమ్మిదేళ్లవాడు డెబ్బై ఒక్క ఏళ్లవాడి ముందు ఎందుకు తిప్పుకుంటాడు? ఆ ముడతల వెనక ఉన్నవాడు నలభై దాటనివాడు. నడక నేర్చుకున్నాడు, దగ్గు నేర్చుకున్నాడు, మెడకి మాత్రం వేషం సంగతి చెప్పడం మరిచిపోయాడు.

తాక్ తలెత్తాడు. హ్వారన్ కూడా అటే చూస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె మాంసం ముక్క ఆకులో చుట్టి నోట్లో పెట్టుకుని తల తిప్పేసుకుంది.

అక్కడే పట్టుకుంటే బోటు తప్పించుకుంటుంది, వచ్చే నెల ఇంకొకడు వస్తాడు. తాక్ ఆగాడు.

జలపాతం దగ్గర నీటి తుంపర మొహాలకి తగులుతోంది. కాస్త దూరంలో తెల్ల బోటొకటి ఊగుతోంది. గుక్ నీటిని చూస్తూ కొయ్యలా నిలబడిపోయాడు. చేతికర్ర ఊపుకుంటూ ఓక్ తాత ఆయన వెనక్కి చేరుతున్నాడు.

"గ్రూప్ ఫొటో!" అని అరిచాడు తాక్. "వయసు ప్రకారం రండి. ఓక్ తాతగారు మధ్యలో. గుక్‌గారు ఆ చివర!"

అంత గౌరవాన్ని కాదంటే అనుమానమొస్తుంది. ఓక్ తాత మధ్య రాయి మీద కూర్చోక తప్పలేదు. కానీ వాడూ ఈ నేల మీద పెరిగినవాడే.

"తమ్ముడూ గుక్!" అని చెయ్యూపాడు. "ఇలా వచ్చి నా పక్కన కూర్చో. అన్న పిలిస్తే రావా?"

పెద్దవాడు పిలిచాడు. గుక్ వినయంగా వెళ్లి పక్కన కూర్చున్నాడు. సూది దాచిన చేతికర్ర కొస మెల్లగా ఆయన చీలమండ వైపు జరిగింది.

తాక్ కెమెరా కన్నుకి ఆనించుకుని ముందుకి నడిచాడు.

"ఎంత దగ్గరికొస్తావయ్యా, ముక్కులో వెంట్రుకలు తీస్తావా?" అంది మామ్మ.

"పళ్లు కనపడేలా అందరూ అనండి... కిమ్చీ!"

"కిమ్చీ!"

క్లిక్‌మంది. కర్ర కొస మేజోడుని తాకి ఆగిపోయింది. ఓక్ తాత మామ్మ భుజం మీదికి ఒరిగిపోయాడు.

అదే క్షణాన పసుపు జెండా లేచింది.

మమ్మల్ని అమ్మేసిందన్నమాట, అనుకున్నాడు తాక్. కోపం కోసం లోపల వెతికాడు, దొరకలేదు. తెల్ల బోటు దూసుకొచ్చింది. తెల్లకోట్ల వాళ్లు ఇద్దరు దిగి, పడిపోయిన ముసలాయన్ని మోసుకుని పరిగెత్తారు. తమ ఏజెంట్‌ని ఏ వేషంలో పంపారో వాళ్లకీ ఎవరూ చెప్పలేదు. కొండకొమ్ము చాటునుంచి చేపల పడవలు వచ్చి బోటుని చుట్టేశాయి.

"ఈ వారం మీ వైపు," అంది హ్వారన్ జెండా చుట్టుకుంటూ. "వచ్చే వారం సంగతి అడక్కు."

అందరూ బస్సెక్కాక కూడా గుక్ జలపాతం ముందే కూర్చుండిపోయాడు. తాక్ పక్కకి చేరాడు.

"మాస్టారూ, ఇక నంబరు చెప్పండి."

"అది నేను మరిచిపోయి చాలా కాలమైంది నాయనా," అన్నాడు గుక్ నీటివైపే చూస్తూ. "మా ఆవిడ చనిపోయిన ఏడే అదీ బుర్రలోంచి పోయింది. ఆ సంగతి చెబితే మీరు నన్నిక్కడికి తెచ్చేవారా?"

ఆ బోటులో ఈయనే ఉండి ఉంటే ఆ ముఠావాళ్లు రాత్రింబవళ్లు అడుగుతూనే ఉండేవారు. లేని నంబరుని ఆయన ఎక్కడినుంచి తెచ్చి చెప్పేవాడు? అది తలుచుకోగానే తాక్‌కి భయమేసింది. మామూలు మనుషులకి వేసే భయమే, ఒళ్లంతా చెమట పట్టించే భయం. అతను గుక్ చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

సాయంత్రం హోటల్‌కి ఫోన్ వచ్చింది. "నంబరు భద్రమేనా?" అడిగాడు చీఫ్.

"చాలా భద్రం సార్," అన్నాడు తాక్. "ఇక దాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు."