పాత టేపు

ఎప్పటిలాగే ఏడున్నరకి దర్జీ తన షాపు షట్టరు ఎత్తాడు. ముందుగది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. బల్ల మీద ఆసుపత్రి నర్సమ్మ నిన్న తిప్పి పంపిన తెల్లకోటు పడివుంది. ఒంటి మీద గోనెసంచిలా వేలాడుతోందట.

చిన్నకూతురు బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది. దూరాన బట్టల ఫ్యాక్టరీలో పని కుదుర్చుకుంది. ఇక అక్కడే హాస్టల్లో ఉంటుంది.

"ఒక్కసారి నీ టేపూ నా కొత్త టేపూ పక్కపక్కన పెట్టి చూడు నాన్నా. ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాను."

"ముప్పై ఏళ్లు మనకి అన్నం పెట్టిన టేపు ఇది" అన్నాడు మెడలోని గుడ్డ టేపు తడుముకుంటూ. "దీనితో మీ అన్న కొలిచినవి ఒక్కటైనా వెనక్కొచ్చాయా?"

"లేదు."

"నువ్వు కొలిచినవి?"

ఆమె బల్ల మీది తెల్లకోటు వైపు చూసింది.

"నీ చేతికి నిలకడ లేదే. పట్టుబట్ట అడ్డంగా కోసినప్పుడే అనుకున్నాను."

"అప్పుడు నాకు పదేళ్లు నాన్నా."

తన కొత్త టేపు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అరగంటకి నర్సమ్మ వచ్చింది. "త్వరగా కొలవండి, డ్యూటీకి టైమైంది" అంది. తొందరలో చేతికందిన కొత్త టేపే చుట్టాడు. ముప్పై ఆరు. కొలతల పుస్తకం తీశాడు. కూతురి గుండ్రటి అక్షరాల్లో అదే అంకె.

"ఈ టేపే తప్పు. కొత్త సరుకంతా ఇంతే."

తప్పని చూపించడానికే దాన్ని ఇనప స్కేలు మీద పరిచాడు. గీతకు గీత కలిసింది. మెడలోది తీసి పరిచాడు. దాని ముప్పై ఆరు స్కేలు మీద ముప్పై ఏడు దగ్గర పడింది. లాగి లాగి సాగిపోయింది.

నర్సమ్మ వెళ్లిపోయినా అతను కదల్లేదు. కొడుకు కొలిచిందీ తను కత్తిరించిందీ ఒకే టేపుతో, అందుకే తేడా తెలియలేదు. కూతురు కొత్తదానితో సరిగ్గా కొలిచి రాసేది. ఆ అంకెను తను పాతదానితో కత్తిరించేవాడు. వదులైన ప్రతి బట్టా ఆమెనే దోషిని చేసింది.

ఫోను చేశాడు. వెనక బస్సు రొద.

"చెప్పు నాన్నా."

"నీ కొలత సరిగ్గానే ఉందమ్మా."

"ఏ బట్టది?"

అతను పుస్తకం పేజీలు వెనక్కి తిప్పాడు. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి.

"అన్నీ" అన్నాడు.