ఇంటి మీద వరద

పొద్దున ఏడైతే ఆ ఇంట్లో అరవని వస్తువు ఉండదు. కుక్కరు కూస్తుంది. వాషింగ్ మెషిన్ తన పని అయిపోయిందని పాట పాడుతుంది. నీళ్ళ ఫిల్టరు కుయ్యిమంటుంది. తలుపు సరిగ్గా వెయ్యలేదని ఫ్రిజ్ గొణుగుతుంది. వీటన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పే మనిషి కౌసల్యమ్మ ఒక్కతే. "వస్తున్నగద, ఆగు" అని కుక్కరుతో అంటుంది. వాషింగ్ మెషిన్ పాట పూర్తిగా అయ్యేదాకా ఆగి, అప్పుడు తలుపు తీస్తుంది. మధ్యలో ఆపితే దానికి మనసు నొచ్చుకుంటుందేమోనని ఆవిడ అనుమానం.

ఇంద్రేశంలో కొత్త లేఅవుటులో చంద్రిక, మధుబాబు ఇల్లు కట్టుకున్నప్పుడు, పగలు ఇంట్లో ఎవరూ ఉండరని గేటు మీద కెమెరా పెట్టించారు. కెమెరాకి వంట రాదు. అందుకని హత్నూర నుంచి చంద్రిక తల్లి కౌసల్యమ్మను తీసుకొచ్చారు. మధుబాబు పటాన్‌చెరులో ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ ఇంజనీరు. వాళ్ళ నాన్న ఎప్పుడో కోస్తా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడివాడే అయిపోయాడు. చంద్రిక ఒక మందుల కంపెనీ లాబ్‌లో పనిచేస్తుంది. కూతురు మహిత ఇంటర్ చదువుతోంది, అంటే ఫోను చూస్తోంది.

వస్తువుల మీద కౌసల్యమ్మకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఫిల్టరు నీళ్ళు తాగితే గ్లాసు నాకినట్టు ఉంటుందట. మిక్సీ తొక్కు పచ్చడి నూరదట, భయపెట్టి మెత్తబరుస్తుందట. మంట లేని పొయ్యినీ కోపం లేని మొగుణ్ణీ నమ్మకూడదట. ఈ మాట అల్లుడి ముందే అంది. మధుబాబు నవ్వి, "అత్తయ్యగారూ, నేను గ్యాసు పొయ్యినండీ" అన్నాడు. ఆవిడకు అతనంటే ఇష్టమే. అతనికీ ఆవిడంటే ఇష్టమే. ఈ కథలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, వచ్చిన చిక్కల్లా అదే.

ఆవిడకు నచ్చిన యంత్రం ఒకటే, ఫోను. దాన్ని చెవి దగ్గర పెట్టుకోదు, మక్కబుట్ట, అదే మొక్కజొన్న పొత్తు, తిన్నట్టు నోటి ముందు అడ్డంగా పట్టుకుంటుంది. చదువు రాదు గనుక మైకు బొమ్మ నొక్కి మాట్లాడి ఇంటి గ్రూపులోకి పంపిస్తుంది. పక్క ప్లాటులో బోరు వేస్తున్న సంగతితో మొదలుపెట్టి, గేటు ముందు పడుకున్న కుక్కను దాటుకుని, అసలు విషయానికి వచ్చేసరికి చంద్రిక టీ విరామం అయిపోయేది. లాబ్‌లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, లాకరులో పెట్టాలి. ఆ కాసేపట్లోనే చూసుకోవాలి. దానికి మహిత ఒక ఉపాయం చేసింది. మాట్లాడింది మాట్లాడినట్టు కింద అక్షరాల్లో వచ్చేలా తల్లి ఫోనులో పెట్టింది, తండ్రి ఫోనులో, తన ఫోనులో కూడా. వినక్కర్లేదు, చదువుకుంటే చాలు.

ఆ యంత్రానికి తెలుగు నేర్పినవాళ్ళు ఎవరో గాని, హత్నూర మీదుగా మాత్రం ఎప్పుడూ వెళ్ళినట్టు లేదు. కౌసల్యమ్మ "బువ్వ తిన్న" అంటే అది "గువ్వ తిన్నా" అని రాసింది. "గిట్లనే ఉన్న" అంటే "గిట్టలు ఉన్నా" అంది. కాస్త అనడానికి ఆవిడ వాడే "జెర" ప్రతిసారీ "జ్వరం" అయ్యేది. ఇంటి గ్రూపులో అదొక రోజువారీ వినోదం. పావురాన్ని తిని గిట్టలు మొలిచిన అమ్మమ్మ అంటూ మహిత బొమ్మలు చేసి పెట్టేది. చంద్రిక క్యాంటీనులో అవి చూసి, పక్కవాళ్ళకు చూపించి మరీ నవ్వేది.

మామిడికాయలు వచ్చే రోజుల్లో ఒక మంగళవారం చంద్రిక వాళ్ళ లాబ్‌కు పెద్ద తనిఖీ వచ్చింది. టీ విరామంలో ఫోను తీస్తే తల్లి పంపిన మెసేజ్ ఉంది. యంత్రం ఇలా రాసింది: "ఇంటి మీద వరద పడుతున్నది బిడ్డా. కుడి దిక్కు నల్లగా అయింది. జ్వరం జల్దీ రా."

ఎండ మండిపోతుంటే వరదేమిటి? చంద్రిక ఒక్క క్షణం ఆలోచించింది. మేడ మీద ట్యాంకు నిండి నీళ్ళు కారుతున్నట్టున్నాయి, గోడ నాని నల్లబడి ఉంటుంది అనుకుంది. "మోటారు బంద్ చెయ్యమ్మా" అని చెప్పి పంపేసి, ఫోను లాకరులో పెట్టేసింది. అప్పటికే గ్రూపులో మధుబాబు పడవ బొమ్మ పెట్టాడు. మహిత ఈత కొట్టే చేపలను పెట్టింది.

సాయంత్రం మధుబాబు గేటు దగ్గరే ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో నడుస్తున్నట్టు కాళ్ళెత్తి వేస్తూ లోపలికి వచ్చాడు. మహిత పడీపడీ నవ్వింది. వరద తగ్గిందా అమ్మమ్మా అని అడిగింది. కౌసల్యమ్మ అందరి ముఖాలూ చూసింది. కాసేపటికి తనూ నవ్వింది. మోటారు అప్పటికి బందే ఉందనీ, అయినా బిడ్డ చెప్పింది కదా అని మేడెక్కి చూసొచ్చాననీ చెప్పి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఆవిడ మెసేజ్‌లు తగ్గాయి. బోరు సంగతి, కుక్క సంగతి రావడం మానేశాయి. తల్లికి పద్ధతి తెలిసిందని చంద్రిక సంతోషించింది.

మరో వారం దాటాక, ఆదివారం మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు. కౌసల్యమ్మ పప్పుచారు గిన్నె పట్టుకుని వడ్డిస్తోంది. ఆవిడ కుడిచేతి వైపు మధుబాబు. గరిటెతో నింపాదిగా, ఎంతో ప్రేమగా, అతని కంచం పక్కన బల్ల మీద పోసింది. వేడి చారు అతని ఒళ్ళోకి కారింది. అతను ఉలిక్కిపడి లేచాడు.

"చూసి పొయ్యమ్మా" అంది చంద్రిక, కాస్త కటువుగానే.

"చూసే పోసిన బిడ్డా."

మహిత గుడ్డ తేవడానికి అమ్మమ్మ కుడిపక్క నుంచి వెళ్ళింది. కౌసల్యమ్మ అటు తిరగబోయి పిల్లకు గుద్దుకుంది. గిన్నె కింద పడింది. ఇదంతా చూస్తున్న మధుబాబు, ఒళ్ళో చారు సంగతి మరిచిపోయి, దగ్గరికి వచ్చి ఆవిడ కుడివైపు నుంచి మెల్లగా చెయ్యి ఊపాడు. ఆవిడ రెప్ప కదలలేదు.

ఎప్పటినుంచి ఇలా ఉందని చంద్రిక అడిగింది. అడిగింది అనేకంటే గద్దించింది అనడం నిజం. భయం వేస్తే ఆమెకు కోపం వస్తుంది. కన్ను కనపడకపోతే ఇన్ని రోజులు దాచిపెడతావా, పక్కన మనుషులం లేమా, నీకు ఏమన్నా అయితే హత్నూరలో తమ్ముడు శివకుమార్ నన్ను ఏమంటాడు అని వరసగా అడిగేసింది. కౌసల్యమ్మ కింద పడ్డ గిన్నె వైపు చూస్తూ అన్నీ విన్నది.

"చెప్పిన గద బిడ్డా" అంది. "మీరందరు నవ్విర్రు."

ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది మహితకు. ఫోను తీసి వెనక్కి వెనక్కి జరిపి, ఆ మంగళవారం మెసేజ్ మీద వేలు పెట్టింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు బయటికి వచ్చింది. "కంటి మీద పరదా పడుతున్నది బిడ్డా. కుడి దిక్కు నల్లగయింది. జెర జల్ది రా."

జల్దీ రా. ఆ రెండు మాటలూ యంత్రం సరిగ్గానే రాసింది.

చంద్రిక కూతురి మీద విరుచుకుపడింది. ఆ దిక్కుమాలినదాన్ని ఫోనులో పెట్టమని నిన్నెవరు అడిగారు అంది. మహిత బిక్కముఖం వేసి, ఏడుపు గొంతులో నిజం చెప్పేసింది.

"నువ్వే కదమ్మా అడిగావు. అమ్మమ్మ ముచ్చట్లు వినే ఓపిక నాకు లేదు, ఏదో ఒకటి చెయ్యవే అన్నావు."

కౌసల్యమ్మకు కన్ను పోయింది గాని చెవులు బాగానే ఉన్నాయి. కొంగుతో బల్ల మీది చారు తుడవడం మొదలుపెట్టింది. సగమే తుడిచింది. మిగతా సగం ఆవిడకు కనపడలేదు.

మధ్యాహ్నం మూడింటికల్లా నగరంలో కంటి ఆసుపత్రిలో ఉన్నారు. కంటి లోపలి పొర ఊడిపోయిందని, వెంటనే ఆపరేషను చెయ్యాలని డాక్టరు చెప్పాడు. మొదటి రోజుల్లోనే ఒక పక్క నుంచి తెర దిగినట్టు ఉంటుందే, ఈవిడ ఎవరికీ చెప్పలేదా అని అడిగాడు. చదువుకోని పెద్దవాళ్ళతో ఇదే ఇబ్బందని సానుభూతిగా తల ఊపాడు కూడా.

"చెప్పారండీ" అన్నాడు మధుబాబు. ఆ తర్వాత బయటి వరండాలోకి వెళ్ళి, చాలాసేపు రాలేదు.

ఆపరేషను అయింది. కంటిలో గాలి నింపారు. ఆ గాలి పొరను అదిమి పట్టాలంటే మనిషి బోర్లా, ముఖం కిందికి పెట్టుకుని పడుకోవాలి. రాత్రీ పగలూ అంతే. తినడానికీ, బాత్‌రూముకు వెళ్ళడానికీ లేవవచ్చు, అదీ తల వంచుకునే. జీవితంలో ఎప్పుడూ ఎవరి ముందూ తల దించని మనిషినని కౌసల్యమ్మ నర్సుతో చెప్పుకుందట.

ఆవిడను ఇంటికి తీసుకురాకముందే శివకుమార్ హత్నూర నుంచి ఆటో ట్రాలీలో నవారు మంచం పంపించాడు. మధుబాబు సెలవు పెట్టి, పొద్దున్నే కటింగ్ ప్లేయరు పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. తల వచ్చే చోట నవారు వరసలు విప్పి, ముఖం పట్టేంత సందు చేసి, అంచులకు మెత్తటి గుడ్డ చుట్టి కుట్టాడు. ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే మనిషి ఆ పని చేస్తుంటే, మహిత పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇస్తూ ఉంది. గ్రూపులో ఆ రోజు ఎవరూ ఏమీ పెట్టలేదు.

లాబ్‌లో తనిఖీ తాలూకు పని ఇంకా నడుస్తోంది. చంద్రిక రానని చెప్పేసింది. మధ్యాహ్నం తల్లికి అన్నం పెట్టి, చుక్కల మందు వేసి, మంచం మీద బోర్లా పడుకోబెట్టాక, ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు. ఏ పక్కన కూర్చున్నా తల్లి వీపే కనిపిస్తోంది. చివరికి కింద చాప పరిచి, మంచం కిందికి జరిగి వెల్లకిలా పడుకుంది. నవారు సందులోంచి తల్లి ముఖం సరిగ్గా తన ముఖానికి ఎదురుగా వచ్చింది. ఒక కంటికి కట్టు. ఇంకో కన్ను ఆమెనే చూస్తోంది.

"ఆ కన్ను వస్తదా రాదా?" అని అడిగింది కౌసల్యమ్మ. "డాక్టరు ఇంగ్లీషుల చెప్పిండు. అల్లుడేమో చూద్దాం అత్తయ్యగారూ అంటున్నడు. నువ్వు చెప్పు."

చంద్రిక చూపు పక్కకు తిప్పుకోబోయింది. మంచం కింద తిప్పుకోవడానికి చోటు లేదు.

"వెలుతురు తెలుస్తదమ్మా. ఎదురుంగ మనిషి వచ్చి నిలబడ్డరని తెలుస్తది. ఎవరో తెల్వది."

"ముందుగాల దవాఖానకు పోయింటే?"

"వస్తుండెనేమో."

పైన ఫ్యాను తిరుగుతోంది. ఎన్నో ఏళ్ళుగా మొగుడి ఇంటి తెలుగు మాట్లాడుతున్న చంద్రికకు ఇప్పుడు తన మాట తనకే కొత్తగా వినపడింది.

"నేను ఇనలేదమ్మా. చదివిన. రెండు నిమిషాలు ఇంటే అయిపోతుండె."

కౌసల్యమ్మ గొంతులో కోపం లేదు. ఉంటే చంద్రికకు కొంచెం హాయిగా ఉండేది.

"కన్నుదేముంది బిడ్డా, ఇంకోటున్నది. నా ముచ్చట పొడుగైతున్నదని నాకే చెప్పకపోతివా? జెర తక్కువ మాట్లాడమ్మా అంటే, తక్కువనే మాట్లాడుతుంటి గద. పొద్దంతా ఇంట్ల ఎవ్వరుండరు. నోరు ఊకుండక మాట్లాడిన."

చంద్రిక కళ్ళలోంచి నీళ్ళు అటూ ఇటూ చెవుల్లోకి జారాయి. చెయ్యి పైకెత్తి, నవారు సందులోంచి తల్లి చెంప పట్టుకుంది. ఆ చెంపను ఇదివరకు ఇంత దగ్గరగా ఎప్పుడు చూసిందో గుర్తు రాలేదు.

అప్పుడు ఆమె నుదుటి మీద ఒక వెచ్చటి చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి.

"ఏడవకమ్మా" అంది చంద్రిక. "డాక్టరు వద్దన్నడు."

"నేనేడుస్తున్ననా" అంది కౌసల్యమ్మ. "మొకం కిందికేసుకుంటే నీళ్ళు గట్లనే కారుతయ్."

చంద్రిక ఆ చుక్కలు తుడుచుకోలేదు. అలాగే పడుకుని ఉంది.