తువ్వాలు కింది బట్టలు

ఆ ఉదయం కూడా కోడలు నిలబడే టిఫిన్ తింటోంది, పొయ్యి గట్టుకి ఆనుకుని, కొంగలా ఒంటికాలి మీద. ముందు గదిలో కుట్టుమిషను దగ్గరున్న అత్తగారు అది ఓరకంట చూస్తూ సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కితేగా!

అత్తగారు టైలరు. వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడకి కంఠతా వచ్చు. కోడలు బడిపిల్లల బస్సు నడుపుతుంది. "మా డ్రైవరమ్మ" అని ఇంటింటికీ చెప్పుకు మురిసిన మనిషే, ఈమధ్య ఆ పిలుపు మానేసింది. పిలిస్తే కోడలు భోజనానికి రాదు, వచ్చినా కూర్చోదు, ఇంటికొస్తూనే మంచమెక్కేస్తుంది. ఒళ్ళు మండదూ మరి!

"ఏమ్మా, నా పక్కన కూర్చుంటే పరువు పోతుందా?"

"అయ్యో, అదేం కాదత్తయ్యా. టైమైపోతోంది."

"రోజూ ఇదే పాట. వేరుకాపురం పెట్టాలనుంటే నోరు విప్పి చెప్పు. ఈ మూతి విరుపులు నాకు గిట్టవు."

కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "అమ్మా, పొద్దున్నే మొదలెట్టకు. నువ్వైనా కాస్త కూర్చుంటే ఏం పోయిందే?" అన్నాడు భార్యతో. సర్దిచెప్పబోయి ఇద్దరికీ చెడ్డాడు, పాపం.

కోడలి చేతిలో ప్లేటు గట్టు మీద ఠంగుమంది. "కూర్చోలేను! కూర్చోలేక చస్తున్నాను!" అని భోరుమంది.

అత్తగారు లేచి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. "ఒరే, నువ్వు బయటికి నడు" అని కొడుకుని పంపేసి, తలుపు గడియ పెట్టింది.

"ఏమైంది తల్లీ?"

"ఏదో పురుగు కుట్టింది."

"ఎక్కడ?"

కోడలు నేలచూపులు చూసింది. "గజ్జల్లో" అంది చివరికి.

అత్తగారు వంగి చూసింది. అరచేయంత మేర ఎర్రగా వాచి, మధ్యలో చీము పట్టింది.

"దీనికేం రాశావే?"

"తలనొప్పి మందు. ఇంట్లో అదే కనిపించింది. దురద ఆగక గోకేశాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నాతో ఒక్కమాట చెప్పకూడదూ?"

"ఎలా చెప్పనత్తయ్యా? లోబట్టలే ఎవరి కంటా పడకూడదన్న ఇంట్లో, అక్కడ పుండైందని ఏ నోటితో చెప్పను?"

అత్తగారు గబగబా తలుపు గడియ తీసింది. చెప్పులేసుకుని, కోడల్ని పొదివి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ పుండు శుభ్రం చేసి, మాత్రలు రాసింది. "ఇంకా ఆలస్యం చేస్తే బాగా పాకేది. తగ్గేదాకా బస్సు నడపకు. ఇంతకీ మీరు లోబట్టలు ఎక్కడ ఆరేస్తారు?"

"నీళ్ళ ట్యాంకు వెనకాల, తువ్వాలు కింద" అంది కోడలు.

"అక్కడికి ఎండ వస్తుందా?"

"రాదు."

"చీమలూ పురుగులూ చేరేది అలాంటి చోటికే. ఎండలో ఆరెయ్యండి, దులిపి మరీ వేసుకోండి."

ఆ ట్యాంకు వెనక చోటు అత్తగారు పెట్టిన చట్టం. ఆవిడ తల ఎత్తలేకపోయింది.

ఇంటికి నెమ్మదిగా నడుస్తుంటే అత్తగారు దారిలో ఆగిపోయింది. "ఆ పురుగులు నన్నూ కుట్టేవే. ఆ చోటు మా అత్తగారు చూపించింది. ఎన్నిసార్లు పళ్ళబిగువున ఓర్చుకున్నానో! ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ మామూలే అనుకున్నాను. నా బాధనే తెచ్చి నీ నెత్తిన పెట్టాను తల్లీ" అంటూ నడివీధిలో వెక్కింది. కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు కోడలు లేచేసరికి డాబా మీద కొడుకు గొంతు వినిపించింది. "అమ్మా, ఇక్కడ అందరూ చూస్తారే!"

"చూడనీ. వాళ్ళిళ్ళల్లో ఆడవాళ్ళు లేరా? నీకు సిగ్గైతే అటు తిరుగు."

కోడలు మెల్లిగా మెట్లెక్కింది. డాబా ఈ చివర నుంచి ఆ చివరికి కొత్త తాడు, మీద నిండా ఎండ. తువ్వాలు ఎక్కడా లేదు. తాడు మీద అన్నిటికన్నా ముందు ఆరేసి ఉన్నవి అత్తగారి లోబట్టలు. వాటి పక్కనే తనవి.

నవ్వొచ్చింది కోడలికి, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఏడుపాపి కిందికి రా, డ్రైవరమ్మా! టిఫిన్ చల్లారిపోతోంది."

కింద బల్ల దగ్గర, అత్తగారి పక్క కుర్చీలో రెండు దిళ్ళు వేసి ఉన్నాయి. కోడలు ఓ పక్కకి ఒరిగి, జాగ్రత్తగా కూర్చుంది.