మిగిలిన మాత్రలు

జపాన్‌లోని అకితాలో ఆ ఉదయం కూడా మంచు గుమ్మం దాకా పేరుకుంది. మినాకో సోయా ముద్దతో కాచిన మిసో సూప్ గిన్నె అత్తగారు షిజుఏ ముందు పెట్టింది. ఆవిడ ఒక గుక్క తాగి మొహం ముడుచుకుంది.

"సూప్ కాదిది, వేడినీళ్లు. ఈ చప్పిడి తిండికే నాకు కళ్లు తిరుగుతున్నాయి. నిన్న స్నానాలగదిలో పడబోయాను. సెందాయ్‌లో కూతురి దగ్గరికి పోతాను. అదైతే కాస్త ఉప్పన్నా వేస్తుంది."

"ఉప్పు వేసి, రేపు మీకేమన్నా అయితే మీ అబ్బాయి నన్ను నిలదీయరా అత్తయ్యా?"

"వాడి పేరు చెప్పి నన్ను బెదిరించకు!"

మినాకోకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల చాకిరీ చివరికి చిటికెడు ఉప్పు దగ్గర తేలిపోయింది. అయినా ఆమె చూపు అత్తగారికి ఇందాక పెట్టి చూసిన బీపీ మిషను మీదే ఆగింది. అంకెలు ఎప్పుడూ లేనంత కిందికి దిగాయి. ఉప్పు తగ్గిస్తేనే ఇంత పడిపోతుందా?

ఈలోగా షిజుఏ బీపీకి కొత్తగా ఇచ్చిన మాత్ర మింగి, పాత అట్టల్లోంచి మరో రెండు తీసింది. మినాకో ఆమె చెయ్యి పట్టుకుంది.

"అవెందుకు? వాటికి బదులే కదా డాక్టరుగారు ఇది ఇచ్చింది!"

"రెండు చేసే పని ఒక్కటెలా చేస్తుంది? పైగా ఉన్నవి పారేస్తే పాపం."

మినాకో మందుల షాపుకు ఫోన్ చేసి, అత్తగారికీ వినపడేలా పెట్టింది.

"ఆ ఒక్కదాన్లోనే పాత రెండు మందులూ ఉన్నాయండీ," అంది షాపులో అమ్మాయి. "ఒకటి రక్తనాళాలను వదులు చేస్తుంది. రెండోది ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీళ్లనీ బయటికి పంపుతుంది."

"ఒక్క మందే పెంచి ఇవ్వొచ్చుగా?" మినాకోకు ఆరాటం ఆగలేదు.

"పెంచితే ఇబ్బందులూ పెరగొచ్చు. చాలామందికి కొద్దికొద్దిగా రెండు కలిస్తేనే బాగా పనిచేస్తాయి. ఒకే మాత్రయితే మర్చిపోరు కూడా. పాతవీ వేసుకుంటే రెట్టింపవుతుంది. అవి ఆపేసి, ఇవాళే డాక్టరుగారికి చూపించండి."

ఫోన్ పెట్టేశాక షిజుఏ చేతిలోని రెండు మాత్రల్నీ బల్ల మీద పెట్టింది.

"మీ మామగారు పోయాక సొరుగు తీస్తే అట్టల నిండా మాత్రలే," అంది. "ఒక్కో మాత్రా ఆయన వేసుకోకుండా వదిలేసిన రోజు. అప్పట్నుంచీ మాత్ర మిగిలితే నాకు భయం."

మినాకో పక్కన కూలబడింది. "నా వంటే చూసుకున్నాను గానీ, మీరేం వేసుకుంటున్నారో అడగలేదు అత్తయ్యా."

"అడగనిచ్చానా? పొద్దున లేస్తే నీ మీద అరుపులేగా."

షిజుఏ ఆ అట్టలను కోడలి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"షాపులో నువ్వే ఇచ్చెయ్యి. నా చేత్తో నేను మిగల్చలేనమ్మా."